పోస్టర్ మీద 97

రీసెర్చ్ సింపోజియం అయిపోయిన దగ్గర్నుంచి జూనియర్స్ నుంచి నాకు ఒకటే మెసేజ్. "అక్కా, మీ పోస్టర్ టెంప్లేట్ పంపవా?" అడిగిన అందరికీ పంపాను. కానీ పంపిన ప్రతిసారీ ఏదో అసలుది చెప్పకుండా వదిలేసినట్టు అనిపించేది. టెంప్లేట్‌లో ఖాళీ బాక్సులుంటాయి అంతే. ఆ బాక్సుల్లో ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు అన్నదే కష్టం. అది నేను నేర్చుకున్నది పోస్టర్ ప్రింట్ అయి చేతికొచ్చాక, ఈవెంట్‌కి మూడు రోజుల ముందు. అందుకే మన క్లబ్ వాళ్ళు "ఈసారి పనికొచ్చే పాఠం లాంటిది ఏదైనా రాయి" అనగానే ఇదే రాద్దామని డిసైడ్ అయ్యా.

ముందే ఒక మాట. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. వత్తులు తప్పు పోతే క్షమించండి. లెక్కలు తప్పు పోతే మాత్రం క్షమించకండి, ఎందుకంటే ఈ పాఠమే దాని గురించి.

1. అసలు సింపోజియం అంటే ఏంటి?

ఇది గ్రీకు మాట. దాని అసలు అర్థం "కలిసి తాగడం". పాతకాలం గ్రీకులు భోజనాలయ్యాక కూర్చుని, ద్రాక్షసారా తాగుతూ, మాట్లాడుకుంటూ, పాటలూ పద్యాలూ చెప్పుకునే గోష్ఠి అన్నమాట. ప్లేటో రాసిన ఒక పుస్తకం పేరు కూడా అదే. ఇప్పుడు మన సింపోజియంలో తాగడానికి దొరికేది పేపర్ కప్పులో టీ మాత్రమే. కానీ మాట్లాడుకోవడం అనే భాగం మాత్రం మారలేదు.

స్టూడెంట్ రీసెర్చ్ అనే ఆలోచన కూడా మరీ కొత్తదేం కాదు. అమెరికాలో ఎమ్ఐటీలో మార్గరెట్ మెక్‌వికర్ అనే ప్రొఫెసర్ 1969లో అండర్‌గ్రాడ్యుయేట్ పిల్లలు ల్యాబుల్లో రీసెర్చ్ చేసే ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. 1987లో నార్త్ కరోలినాలోని ఆష్‌విల్‌లో అండర్‌గ్రాడ్యుయేట్ రీసెర్చ్ మీద జాతీయ సదస్సు మొదలైంది. మన దగ్గర హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆర్ అండ్ డీ షోకేస్ జరుగుతుంది. స్టూడెంట్స్ తమ పనిని పోస్టర్లు, డెమోలతో బయటివాళ్ళకి చూపిస్తారు.

మన సాహిత్య క్లబ్ వాళ్ళకి ఇంకా తేలిగ్గా అర్థమవ్వాలంటే, పోస్టర్ సెషన్ ఒక రకమైన అష్టావధానం. అక్కడ అవధాని ఒకరు, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి పెడతారు. ఇంకొకరి పని అప్రస్తుత ప్రసంగం, అంటే సంబంధం లేని ప్రశ్నలేసి దారి తప్పించడం. పోస్టర్ పక్కన నిలబడ్డప్పుడు మనకీ అంతే. ఒకరు మెథడ్ అడుగుతారు, ఒకరు డేటా అడుగుతారు. "ఈ యాక్టివేషన్ ఫంక్షన్ పేరు వాడకుండా చెప్పు" అని నిషిద్ధాక్షరి పెట్టే సార్ ఒకరుంటారు. "క్యాంటీన్ ఎటువైపు?" అని అడిగే అప్రస్తుత ప్రసంగి కూడా కచ్చితంగా వస్తాడు.

తిరుపతి వేంకట కవులు అవధానాలకి ఎందుకంత ఫేమస్ అంటే, ముందే రాసుకొచ్చింది చదవడం అక్కడ కుదరదు. అడిగిన క్షణంలో సొంతంగా చెప్పాలి. పోస్టర్ దగ్గర కూడా మన పని మనకి నిజంగా తెలిస్తేనే నిలబడతాం.

2. మా ప్రాజెక్ట్

మాది ఇద్దరి టీమ్. మా తాతయ్య వాళ్ళది పల్నాడు వైపు ఊరు, మిరప వేస్తారు. మిరపకి ఆకు ముడత పెద్ద సమస్య. సెలవుల్లో వెళ్ళినప్పుడు 120 మొక్కల నుంచి ఒక్కో ఆకు చొప్పున ఫోటోలు తీశా. ఒక్కో ఆకుకి 10 ఫోటోలు: పైనుంచి, పక్కనుంచి, కాస్త ఎండలో, కాస్త నీడలో. మొత్తం 1200 ఫోటోలు. 72 ఆకులు బాగున్నవి, 48 ముడత పడ్డవి.

తర్వాత అందరూ చేసేదే చేశాం. ముందే ట్రైన్ అయిన న్యూరల్ నెట్‌వర్క్ ఒకటి తీసుకుని మా ఫోటోలతో ఫైన్‌ట్యూన్ చేశాం. 1200 ఫోటోల్ని కలిపేసి 80 శాతం ట్రైనింగ్‌కి, 20 శాతం టెస్టింగ్‌కి రాండమ్‌గా విడగొట్టాం. టెస్ట్ అక్యురసీ 97 శాతం వచ్చింది. ఆ రాత్రి హాస్టల్‌లో మా ఫ్లోర్ మొత్తానికి పఫ్‌లు పార్టీ ఇచ్చా.

పోస్టర్ మధ్యలో అరచేయంత సైజులో "97" అని పెట్టి ఫ్లెక్స్ ప్రింట్ చేయించాం. మా టీమ్‌మేట్ రెజ్యూమేలో మొదటి లైన్ కూడా అదే. సింపోజియం మర్నాడే కెరీర్ ఫెయిర్, కాబట్టి వాడు ముప్పై కాపీలు కూడా తీయించేశాడు.

3. తాతయ్య ఫోన్

ఫోటోలు తీయనిచ్చింది తాతయ్యే కదా, ఆయనకి చెప్పాలనిపించి ఫోన్ చేశా. మొదలుపెట్టగానే ఆగిపోయా. "ట్రైనింగ్ డేటా"ని తాతయ్యకి ఏమని చెప్పాలి? "కన్వల్యూషన్" అంటే ఏమని చెప్పాలి? కాసేపు నత్తినత్తిగా నడిపి చివరికి ఇలా చెప్పా: "తాతయ్యా, కంప్యూటర్‌కి కొన్ని ఫోటోలు చూపించి ఇది ముడత, ఇది మంచిది అని నేర్పించాం. తర్వాత వేరే ఫోటోలు చూపించి ఇదేంటో చెప్పు అని అడిగాం. వందకి తొంభై ఏడు కరెక్ట్‌గా చెప్పింది."

"వేరే ఫోటోలంటే, వేరే ఆకులా?"

"వేరే ఫోటోలు తాతయ్యా."

"అదేనమ్మా అడిగేది. ఒకే ఆకుని నువ్వు పదిసార్లు తీశావుగా. అందులో ఎనిమిది చూపిచ్చి, మిగతా రెండూ చూపిచ్చి ఇదేందో చెప్పమంటే చెప్పకేం జేస్తది? అదే ఆకాయె!"

నేనేం మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందనుకుని ఆయన "హలో, హలో" అంటున్నారు.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. "ముడత పడిందో లేదో నా కళ్ళకే కనపడిద్ది. పైముడతా, కిందిముడతా, వైరసా, అది జెప్తే పనికొచ్చుద్ది." ఇది నిజంగా పెద్ద తేడా. పైముడత తామర పురుగుల వల్ల వస్తుంది, ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. కిందిముడత నల్లి వల్ల, అంచులు కిందికి వంగుతాయి. తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ ఇంకో రకం. ఒకదాని మందు ఇంకోదానికి పని చెయ్యదు. మేం ముడతలన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో పడేసి, రైతుకి కళ్ళతో తెలిసేదాన్నే కంప్యూటర్‌తో చెప్పిస్తున్నాం.

ఇంగ్లీష్‌లో ఇదే ప్రాజెక్ట్‌ని గైడ్‌కి, రివ్యూ ప్యానెల్‌కి మూడుసార్లు చెప్పాను. "ట్రైన్-టెస్ట్ స్ప్లిట్" అనగానే అందరూ తలూపారు, నేను కూడా. తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి ఆ మాట వెనక దాక్కోవడం కుదరలేదు.

4. లీక్ ఎలా జరిగింది: చిన్న లెక్క

దీన్ని డేటా లీకేజీ అంటారు. మనకి తెలిసిన భాషలో క్వశ్చన్ పేపర్ లీక్. ఎగ్జామ్‌లో వచ్చే ప్రశ్నలే ముందురోజు చేతికొస్తే 97 మార్కులు రావడంలో గొప్పేముంది?

మా స్ప్లిట్‌లో ఇది ఎంత ఘోరంగా జరిగిందో లెక్కేద్దాం. టెస్ట్‌లో పడిన ఒక ఫోటో తీసుకోండి. అదే ఆకువి ఇంకా 9 ఫోటోలున్నాయి. ఒక్కోటి టెస్ట్ వైపు పడే అవకాశం సుమారు 0.2. ఆ తొమ్మిదీ టెస్ట్‌లోనే పడి, ట్రైనింగ్‌లో ఒక్కటి కూడా లేకుండా ఉండాలంటే 0.2 ని 0.2 తో అలా తొమ్మిదిసార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.0000005. అంటే కోటికి ఐదు. ఇంకోలా చెప్పాలంటే, మా టెస్ట్‌లోని 240 ఫోటోల్లో దాదాపు ప్రతిదానికీ ట్రైనింగ్‌లో ఒక కవల ఉంది. మా మోడల్ ముడతని నేర్చుకుందో, ఒక్కో ఆకు మీదున్న మచ్చల్ని బట్టీ పట్టిందో ఆ 97 చెప్పలేదు.

సరిచేసే పద్ధతి సింపుల్. ఫోటోల్ని కాదు, ఆకుల్ని విడగొట్టాలి. 96 ఆకులు ట్రైనింగ్‌కి, 24 ఆకులు టెస్ట్‌కి. ఒక ఆకు ఫోటోలు పదీ ఒకే వైపు ఉండాలి. సైకిట్-లెర్న్‌లో దీనికి గ్రూప్‌షఫుల్‌స్ప్లిట్, గ్రూప్‌కేఫోల్డ్ అని రెడీగా ఉన్నాయి. ఫోటోతోపాటు అది ఏ ఆకుదో నంబర్ ఇస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది.

మనం రోజూ చేసే ప్రాజెక్టుల్లో లీక్ ఇంకో మూడు దారుల్లో వస్తుంది. మీ కోడ్ తెరిచి చూసుకోండి.

మొదటిది, ఆగ్‌మెంటేషన్. ఫోటోల్ని తిప్పి, కత్తిరించి కాపీలు పెంచాక స్ప్లిట్ చేస్తే కాపీలు అటూ ఇటూ పడతాయి. ముందు స్ప్లిట్ చెయ్యాలి, తర్వాత ట్రైనింగ్ వైపు మాత్రమే కాపీలు పెంచాలి.

రెండోది, స్కేలింగ్. సగటు, స్టాండర్డ్ డీవియేషన్ మొత్తం డేటా మీద లెక్కేసి తర్వాత విడగొడితే టెస్ట్ సమాచారం కొంత ముందే ట్రైనింగ్‌లోకి వెళ్ళిపోయినట్టే. ట్రైనింగ్ డేటా మీద లెక్కేసి, అవే నంబర్లు టెస్ట్‌కి వాడాలి.

మూడోది, కాలం. స్టాక్ ధరలు, వర్షపాతం లాంటివాటిని రాండమ్‌గా కలిపేస్తే రేపటి డేటా చూసి నిన్నటిది "ఊహించినట్టు" అవుతుంది. తేదీ పెట్టి కట్ చెయ్యాలి.

5. పెద్దవాళ్ళు ఏం చేశారు?

ఆ రాత్రి ఈ టాపిక్ మీద బాగా పేరున్న పేపర్ ఒకటి మళ్ళీ చదివా. ముందు చదివాననుకున్నా గానీ, నిజానికి అబ్‌స్ట్రాక్ట్‌లో నంబర్ చూసి వదిలేశా. ప్లాంట్‌విలేజ్ అనే డేటాసెట్ మీద మొహంతి, హ్యూస్, సలాతే 2016లో రాసిన పేపర్ అది. 54,306 ఫోటోలు, 14 పంటలు, 26 తెగుళ్ళు, పంట-తెగులు కలిపి 38 క్లాసులు. వాళ్ళకొచ్చిన అక్యురసీ 99.35 శాతం. చాలా ప్రాజెక్ట్ రిపోర్టుల్లో కనపడేది ఈ నంబర్ ఒక్కటే.

లోపలికెళ్తే రెండు విషయాలున్నాయి. ఒకటి, తమ డేటాలో ఒకే ఆకు ఫోటోలు చాలా ఉన్నాయని వాళ్ళకి తెలుసు. ఏ ఫోటోలు ఒకే ఆకువో తెలిసిన చోటల్లా వాటన్నిటినీ ఒకే వైపు ఉంచారు. అంటే తాతయ్య అడిగిన ప్రశ్న వాళ్ళు ముందే వేసుకున్నారు. రెండోది ఇంకా ముఖ్యం. వేరే పరిస్థితుల్లో తీసిన, ఇంటర్నెట్‌లో దొరికిన ఫోటోల మీద అదే మోడల్‌ని పరీక్షిస్తే అక్యురసీ 31 శాతం దగ్గరికి పడిపోయింది. ఈ నంబర్‌ని వాళ్ళు దాచలేదు, పేపర్‌లో స్పష్టంగా రాశారు.

తర్వాత 2022లో నోయన్ అనే ఆయన మరికొందరితో కలిసి అదే డేటాసెట్ మీద తమాషా ప్రయోగం చేశారు. ఆకుని వదిలేసి, ఫోటో బ్యాక్‌గ్రౌండ్ నుంచి 8 పిక్సెళ్ళు మాత్రమే తీసుకుని మోడల్‌కి నేర్పారు. 49 శాతం అక్యురసీ వచ్చింది! 38 క్లాసుల్లో గుడ్డిగా చెప్తే వచ్చేది 2.6 శాతమే. అంటే ఆకు కనపడకపోయినా, ఏ క్లాసు ఫోటో ఎలాంటి వెలుతురులో, ఏ బల్ల మీద తీశారో అన్నదే సగం జవాబు చెప్పేస్తోంది. మా ఫోటోలు చూసుకుంటే, మంచి ఆకుల్లో చాలావరకు ఉదయం, ముడత ఆకుల్లో చాలావరకు సాయంత్రం తీసినవి. నాకు చెమటలు పట్టాయి.

6. సరే, కొత్త నంబర్ ఎంత?

ఆకుల వారీగా విడగొట్టి మళ్ళీ ట్రైన్ చేశాం. 71 శాతం.

71 అంటే ఫస్ట్ క్లాసే కదా అనిపిస్తుంది. దాన్ని కూడా రెండు ప్రశ్నలు అడగాలి.

మొదటి ప్రశ్న: ఏమీ నేర్చుకోని మోడల్‌కి ఎంతొస్తుంది? మా టెస్ట్‌లోని 24 ఆకుల్లో 14 మంచివి, 10 ముడతవి. అంటే 140 మంచి ఫోటోలు, 100 ముడత ఫోటోలు. కళ్ళు మూసుకుని అన్నిటికీ "మంచిదే" అని చెప్పినా 240 కి 140, అంటే 58 శాతం వస్తుంది. దీన్నే బేస్‌లైన్ అంటారు. మా కష్టం మొత్తం 58 కీ 71 కీ మధ్యనున్న 13 పాయింట్లు.

రెండో ప్రశ్న: తప్పులు ఎటువైపు పోతున్నాయి? 140 మంచి ఫోటోల్లో 115 సరిగ్గా చెప్పింది. 100 ముడత ఫోటోల్లో 55 మాత్రమే పట్టుకుంది. 115, 55 కలిపితే 170. 240 కి 170 అంటే 71 శాతం. లెక్క సరిపోయింది. కానీ రైతు వైపు నుంచి చూడండి. తెగులున్న ఆకుల్లో దాదాపు సగం "బాగానే ఉంది" అని పంపించేస్తోంది. 71 అన్న ఒక్క అంకెలో ఈ సంగతి కనపడదు. ఈ 55 శాతాన్ని రికాల్ అంటారు. తెగుళ్ళ మీద, జబ్బుల మీద ప్రాజెక్ట్ చేసేవాళ్ళు అక్యురసీ పక్కన దీన్ని తప్పకుండా పెట్టండి.

ఇంకో మాట. ఉన్నవి 24 ఆకులే కాబట్టి ఒక్క ఆకు అటూ ఇటూ అయితే నంబర్ 4 శాతం కదులుతుంది. అందుకే వేర్వేరుగా ఐదుసార్లు విడగొట్టి చేశాం. 64 నుంచి 76 మధ్య తిరిగింది. పోస్టర్ మీద 71 ఒక్కటే కాకుండా ఈ రేంజ్ కూడా రాయాలని అప్పుడే తెలిసింది.

7. మార్చాలా, వద్దా?

ఇది మాత్రం పుస్తకాల్లో ఉండదు. మా ఇద్దరికీ పెద్ద గొడవైంది.

"ఎవడు కనిపెడతాడే? రివ్యూలో మూడుసార్లు చూశారు, ఎవరికీ తెలీలేదు," అన్నాడు వాడు. "కెరీర్ ఫెయిర్‌లో పక్కవాడి రెజ్యూమేలో 98 ఉంటది, 99 ఉంటది. మనది 71 అని ఉంటే చదువుతాడా?"

ఇది తీసిపారేసే మాట కాదు. వాడికి ఇంటర్న్‌షిప్ అవసరం నాకన్నా ఎక్కువ. వాళ్ళింట్లో పరిస్థితి నాకు తెలుసు. రెజ్యూమే మీద 71 రాసుకునే సరదా నాకు చౌకగా వచ్చిందేమో, దాని ఖరీదు వాడే కట్టాలేమో అని కూడా అనిపించింది. నా దగ్గర గట్టి జవాబు లేదు. "రేపు ఎవరైనా అదే ప్రశ్న అడిగితే నువ్వేం చెప్తావురా?" అని మాత్రం అడిగా. వాడు ఆ రాత్రికి రిప్లై ఇవ్వలేదు.

పొద్దున్నే స్టేషనరీ షాప్ నుంచి తెల్ల స్టిక్కర్ షీట్ తెచ్చాడు. కొత్త ఫ్లెక్స్ వేయించడానికి డబ్బుల్లేవు. "97" మీద స్టిక్కర్ అంటించి "97 కాదు, 71. ఎందుకో అడగండి" అని మార్కర్‌తో రాశాం. రెజ్యూమేలు మళ్ళీ ప్రింట్ తీయలేదు. ముప్పై కాపీల్లో 97 ని పెన్‌తో కొట్టేసి పక్కన 71 రాశాడు. అప్పటికే రిఫరల్ కోసం ఇద్దరు సీనియర్స్‌కి ఫైల్ పంపేశాడు, వాళ్ళకీ మెసేజ్ పెట్టాడు. ఒకరు "గుడ్" అన్నారు, ఇంకొకరు ఇప్పటికీ రిప్లై ఇవ్వలేదు.

8. పోస్టర్: పనికొచ్చే నాలుగు విషయాలు

సైజు: మనవాళ్ళు ఎక్కువగా అడిగేది ఏ1 లేదా ఏ0. ఏ1 అంటే 59.4 సెంటీమీటర్ల వెడల్పు, 84.1 ఎత్తు. ఏ0 దానికి సరిగ్గా రెట్టింపు వైశాల్యం, ఒక చదరపు మీటర్. పవర్‌పాయింట్‌లో చేస్తే మొదటే పేజీ సైజు మార్చుకోండి. చివర్లో సాగదీస్తే అన్నీ కదిలిపోతాయి.

అక్షరాలు: మామూలు టెక్స్ట్ 24 పాయింట్ల కంటే తగ్గకూడదు. టైటిల్ మూడు మీటర్ల దూరం నుంచి చదవగలగాలి. మొత్తం కలిపి 300 నుంచి 500 పదాలు చాలు. రిపోర్ట్ మొత్తం తెచ్చి అతికిస్తే జనం దూరం నుంచే నమస్కారం పెట్టి వెళ్ళిపోతారు.

బొమ్మలు: వాట్సాప్‌లో పంపుకున్న ఫోటో పెట్టకండి. 600 పిక్సెళ్ళ బొమ్మని 30 సెంటీమీటర్ల వెడల్పున ప్రింట్ చేస్తే అంగుళానికి 51 పిక్సెళ్ళే వస్తాయి, దగ్గరికెళ్తే గళ్ళు గళ్ళుగా కనపడుతుంది. బార్ చార్ట్ నిలువు గీత సున్నా నుంచి మొదలవ్వాలి. 90 నుంచి మొదలుపెట్టి 95 కీ 97 కీ కొండంత తేడా చూపించడం కూడా ఒక రకం అబద్ధమే.

తెలుగు: టైటిల్ కింద ఒక్క వాక్యం తెలుగులో పెట్టండి. అయితే జాగ్రత్త. చాలా డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు. మన యూనికోడ్ ఫైల్ అక్కడ తెరిస్తే వత్తులు, గుణింతాలు విడిపోవచ్చు. ఫాంట్ ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇచ్చి, ప్రింట్‌కి ముందు వాళ్ళ స్క్రీన్ మీద మీ కళ్ళతో చూసుకోండి. మాకు మొదటిసారి "తెగుళ్ళు" కాస్తా "తెగుళు ళ" అయింది.

9. రెండు నిమిషాల మాట

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ 2008లో ఒక పోటీ మొదలుపెట్టింది. పీహెచ్‌డీ చేసేవాళ్ళు తమ థీసిస్ మొత్తాన్ని మూడు నిమిషాల్లో, కదలని ఒకే స్లైడ్‌తో చెప్పాలి. ఏళ్ళ తరబడి చేసిన పనికే మూడు నిమిషాలు సరిపోతే, మన సెమిస్టర్ ప్రాజెక్ట్‌కి రెండు చాలు.

నేను ఐదు వాక్యాలు రాసుకున్నా. ఎవరి సమస్య? ఇప్పుడు వాళ్ళు ఏం చేస్తున్నారు? మేం ఏం చేశాం? ఏం తేలింది? ఏం తేలలేదు? ముందు తెలుగులో రాసి, ఇంట్లోవాళ్ళకి చెప్పి, తర్వాత ఇంగ్లీష్‌లోకి మార్చుకున్నా. తెలుగులో చెప్పలేకపోయిన వాక్యం ఏదైనా ఉంటే, అది నాకు అర్థం కాని వాక్యమని గుర్తు పెట్టుకున్నా. అలాంటివి రెండు దొరికాయి.

తెలియని ప్రశ్న వస్తే "మేం అది పరీక్షించలేదు సార్" అనండి. జడ్జి ఒకాయన "ఉదయం, సాయంత్రం వెలుతురు సంగతేంటి?" అని నేరుగా అడిగారు. అదే చెప్పా. ఆయన నోట్‌బుక్‌లో ఏదో రాసుకుని పక్క పోస్టర్‌కి వెళ్ళారు. మాకు ప్రైజ్ రాలేదు. 98.6 శాతం ఉన్న పోస్టర్‌కి వచ్చింది. వాళ్ళది కరెక్టే అయ్యుండొచ్చు కూడా, నేను వెళ్ళి అడగలేదు. అడగాల్సింది.

10. కెరీర్ ఫెయిర్

సింపోజియంలో జనం మన దగ్గరికి వస్తారు. ఫెయిర్‌లో మనం వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, క్యూలో నిలబడాలి, దొరికేది ఒకటి రెండు నిమిషాలు. కాబట్టి వెళ్ళే ముందే ఐదు కంపెనీలు ఎంచుకుని, అవి ఏం తయారుచేస్తాయో చదువుకుని వెళ్ళండి. "మీ కంపెనీ ఏం చేస్తుంది సార్?" అని స్టాల్ ముందు అడగడం, పెళ్ళికెళ్ళి పెళ్ళికొడుకు ఎవరని అడిగినట్టు.

మొదటి స్టాల్‌లో సీజీపీఏ అడిగారు, బ్యాక్‌లాగ్స్ అడిగారు, క్యూఆర్ కోడ్ చూపించారు, అయిపోయింది. రెండో స్టాల్‌లోనూ అంతే. చాలా స్టాల్స్ అలాగే ఉంటాయి, దాన్ని మనసుకి తీసుకోకండి.

నాలుగో స్టాల్‌లో ఒకావిడ మా వాడి రెజ్యూమే మీద పెన్ గీత చూసి "ఇదేంటి?" అన్నారు. వాడు చెప్పాడు. ఆకు, పది ఫోటోలు, కవలలు, 58 బేస్‌లైన్, అన్నీ. ఎవరు కనిపెట్టారని అడిగారు. "వీళ్ళ తాతయ్య మేడమ్" అని నన్ను చూపించాడు. ఆవిడ నవ్వి, "మళ్ళీ మొదటి నుంచి చేస్తే ముందు ఏం చేస్తారు?" అన్నారు. "ఫోటో తీసేటప్పుడే ఆకు నంబర్, టైమ్ రాసుకుంటాం" అన్నాడు. ఇద్దరినీ ఆన్‌లైన్ టెస్ట్‌కి పిలిచారు.

సినిమాలో అయితే ఇక్కడ ఉద్యోగం రావాలి. నేను టెస్ట్‌లో రెండో కోడింగ్ ప్రశ్న దగ్గర ఆగిపోయా. వాడు ఇంటర్వ్యూ దాకా వెళ్ళాడు, రిజల్ట్ ఇంకా రాలేదు. కాబట్టి "నిజం చెప్తే ఉద్యోగం వస్తుంది" అని ఈ పాఠంలో రాయలేను. ఆ రోజు స్టాల్ ముందు వాడు పది నిమిషాలు తడబడకుండా మాట్లాడాడని మాత్రం రాయగలను. 97 అని ఉంటే ఆ పది నిమిషాల్లో ఏం మాట్లాడేవాడో నాకు తెలీదు.

రెజ్యూమేలో ప్రాజెక్ట్ లైన్ రాసేటప్పుడు ఒక్క నంబర్ పెట్టి వదిలేయకండి. డేటా ఎక్కడిది, ఎంత, బేస్‌లైన్ ఎంత, మీరు స్వయంగా చేసిందేంటి, ఈ నాలుగూ ఒకటిన్నర లైన్లో పట్టాలి. పరిశోధన వైపు ఇష్టం ఉన్నవాళ్ళు బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ కూడా చూడండి. అక్కడ కూడా మీరేం చేశారో, ఎందుకు చేశారో సొంత మాటల్లో రాయాలి.

11. హోమ్‌వర్క్

పాఠం అన్నాక హోమ్‌వర్క్ ఉండాలి.

ఒకటి. మీ ప్రాజెక్ట్‌కి బేస్‌లైన్ ఎంతో కాగితం మీద లెక్కేయండి. అన్నిటికీ ఒకే జవాబు చెప్తే ఎంతొస్తుంది?

రెండు. ఒక డేటాసెట్‌లో 50 మంది పేషెంట్లు, ఒక్కొక్కరివి 20 ఎక్స్‌రేలు, మొత్తం 1000. రాండమ్‌గా 80-20 విడగొట్టారు. ఇందులో లీక్ ఉందా? ఉంటే ఎలా విడగొట్టాలి? టెస్ట్‌లో నిజానికి ఎంతమంది కొత్త పేషెంట్లు ఉండాలి?

మూడు. ఇంటికి ఫోన్ చేసి, ఒక్క టెక్నికల్ మాట కూడా వాడకుండా, మీ ప్రాజెక్ట్ చెప్పండి. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నని అలాగే రాసి పెట్టుకోండి.

రెండో దానికి మీ జవాబులు క్లబ్ మెయిల్‌కి పంపండి, వచ్చే సంచికలో వేద్దాం. నేనైతే సంక్రాంతికి ఊరెళ్తున్నా. ఈసారి మూడు ఫోల్డర్లు: పైముడత, కిందిముడత, వైరస్. ఒక్కో మొక్కకీ నంబర్ చీటీ కడతానని తాతయ్యతో చెప్పా. "చీటీలు కట్టు గానీ, కోతలప్పుడు చేలో అడ్డం పడకు" అన్నారు.